జెండా పాట, తక్‌పట్టీ

మాది మరిపెడ. వరంగల్ నుంచి ఖమ్మం పోయే తోవలో, మహబూబాబాద్ జిల్లాలో ఉంటుంది. పాత బస్సు కండక్టర్లు ఇప్పటికీ మరిపెడ బంగ్లా అనే పిలుస్తారు. ఈ చుట్టుపక్కల బళ్లల్లో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఆటలు నేర్పి పదవీ విరమణ చేసిన పీఈటీని నేను. ఈ పూట ఆటగాళ్ల జీతాల గురించి మాట్లాడదామని వచ్చాను. అయితే మా దిక్కు డబ్బు మాట ఏదైనా మిర్చి దగ్గరే మొదలవుతుంది. నేనూ అక్కడి నుంచే వస్తాను.

మిర్చి మార్కెట్లో పొద్దున్నే జెండా పాట పెడతారు. యార్డుకు వచ్చిన సరుకులో మేలైన రాశి ఒకటి చూసి, వ్యాపారులు దాని చుట్టూ చేరి పాట పాడతారు. ఆ పాటలో పలికిన ధరే ఆ రోజుకు జెండా ధర. మైకులో చెప్పేది అదే, మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. ఊళ్లో అరుగు మీద కూర్చున్నోళ్లు కూడా మిర్చి ఇంత పలికిందట అని ఆ ధరే చెప్పుకుంటారు. ఆ ధర అబద్ధం కాదు. నిజంగానే ఎవరో ఒకరి సరుకుకు పడ్డదే. ఆ తర్వాత ఖరీదుదారులు ఒక్కో రాశి దగ్గరికి వస్తారు. బస్తాలో చెయ్యి పెట్టి కాయను విరిచి చూస్తారు. తేమ ఉందంటారు, రంగు తగ్గిందంటారు, తాలు కలిసిందంటారు. చివరికి కాంటా అయి, కమీషను, హమాలీ, దడువాయి ఖర్చులు పోయి, రైతు చేతికి ఒక చిన్న కాగితం వస్తుంది. దాన్నే తక్‌పట్టీ అంటారు. ఇంటికి పోయేది ఆ కాగితంలో రాసిన సొమ్మే. మా నాయన పేపర్లో ధర చదివి ఏనాడూ అప్పు చేయలేదు. తక్‌పట్టీని నాలుగు మడతలు పెట్టి, అంగీ లోపలి జేబులో పెట్టుకొని, బస్సులో కూర్చున్నంత సేపూ దాని మీద చెయ్యి తీసేవాడు కాదు.

ఇదంతా ఎందుకు గుర్తుకొచ్చిందంటే, ఆ మధ్య ఒక సాయంత్రం దగ్గరి తండా నుంచి ఒక తండ్రి, కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్లవాడికి పందొమ్మిదేళ్లు. నా దగ్గరే ఆట మొదలుపెట్టిన గోల్‌కీపర్. పొడుగైన చేతులు, బంతి వచ్చేదాకా కదలని కాళ్లు. వేరే రాష్ట్రంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు వాణ్ణి తీసుకుంటామని కాగితం పంపింది. ఏ క్లబ్బో చెప్పను. తండ్రి ముఖం వెలిగిపోతోంది.

"సార్, మూడేండ్లకు పద్దెనిమిది లచ్చలట. తండల అందరికీ చెప్పిన. జర సూసి సంతకం పెట్టియ్యుండ్రి" అన్నాడు.

పదహారు పేజీల కాగితం, అంతా ఇంగ్లీషు. మొదటి పేజీలోనే ఆ పద్దెనిమిది లక్షల అంకె లావు అక్షరాలతో ఉంది. నేను ఎర్ర పెన్ను తీసుకొని ఒక్కో పేజీ తిప్పుతూ లెక్క రాశాను. చేరినప్పుడు ఇచ్చేది 30 వేలు. మొదటి ఏడాది నెలకు 25 వేలు, రెండో ఏడు 35 వేలు, మూడో ఏడు 50 వేలు. ఇవన్నీ కూడితే 13 లక్షల 50 వేలు. మిగతా నాలుగున్నర లక్షలు బోనసులు. మ్యాచ్ ఆడితే ఇంత, గోల్ పడకుండా ఆపితే ఇంత, జట్టు పై లీగుకు ఎక్కితే ఇంత. సరే, ఇంతదాకా బాగానే ఉంది. ఆ తర్వాత పదకొండో పేజీ వచ్చింది. రెండో ఏడు, మూడో ఏడు క్లబ్బు ఇష్టపడితేనే ఉంటాయి. ఆట తృప్తిగా లేదనుకుంటే నెల నోటీసుతో తీసేయవచ్చు. గాయమై 45 రోజులు దాటితే ఒప్పందం దానంతటదే రద్దు.

అంటే ఈ పిల్లవాడు సంతకం పెట్టిన మర్నాడే వాళ్లు వద్దనుకున్నారనుకోండి, చేతికి ఖాయంగా వచ్చేదెంత? చేరినందుకు 30 వేలు, నోటీసు నెల జీతం 25 వేలు. మొత్తం 55 వేలు. పద్దెనిమిది లక్షల కింద ఆ 55 వేలు రాసి, రెండింటి చుట్టూ సున్నా చుట్టి ఆ తండ్రి చేతికిచ్చాను. చాలాసేపు ఆ రెండు అంకెలనే చూశాడు. "అయితే ఇది జెండా పాటనా సార్?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పదహారు పేజీలు చదివి నేను చెప్పాలనుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు.

ఈ వ్యవహారం మన దగ్గరే ఉందనుకోకండి. దీన్ని ఒక శాస్త్రంలాగా నడిపే దేశం అమెరికా. అక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో బంతి పట్టుకొని ఉరికే ఆట. ఎన్ఎఫ్ఎల్ అనే లీగులో 32 జట్లుంటాయి. మన తెలుగు పిల్లలు ఎంతోమంది అక్కడ ఉన్నారు కదా, ఆదివారం వచ్చిందంటే వాళ్లూ టీవీల ముందు కూర్చుంటారు. నా మేనల్లుడు ఒకడు అక్కడే ఉంటాడు. "మామయ్యా, ఒకాయనకు 45 కోట్ల డాలర్లిచ్చారట" అని ఫోన్లో చెప్పాడు ఒకసారి. వాడు చెప్పింది పాట్రిక్ మహోమ్స్ గురించి. 2020లో కాన్సస్ సిటీ జట్టు ఆయనతో పదేళ్లకు పొడిగింపు రాసుకుంది. అంకె 45 కోట్ల డాలర్లు, బోనసులన్నీ కలిస్తే 50 కోట్లు దాటుతుంది. కానీ సంతకం పెట్టిననాడు ఏ షరతూ లేకుండా ఖాయమైంది 6 కోట్ల 30 లక్షలు. ఆయన తెలివైన మనిషి, ఆయన తరఫున మాట్లాడినవాళ్లూ తెలివైనవాళ్లే. రాబోయే ఏటి సొమ్ము ఒక ఏడు ముందే ఖాయమైపోయేలా రాయించుకున్నారు. అందుకే ఆయనకు నష్టం లేదు.

అందరూ మహోమ్స్‌లు కారు. కాలిన్ కేపర్నిక్ సంగతి చూడండి. 2013 ఆరంభంలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును ఆ లీగు ఫైనలైన సూపర్ బౌల్ దాకా తీసుకుపోయినవాడు. 2014 జూన్‌లో ఆయనకు ఆరేళ్లకు 12 కోట్ల 60 లక్షల డాలర్లన్నారు. గ్యారంటీ 6 కోట్ల పైచిలుకు అని కూడా అన్నారు. ఆ గ్యారంటీని విప్పి చూస్తే, సంతకం రోజున పూర్తిగా ఖాయమైంది దాదాపు కోటీ 30 లక్షలే. మిగతాదంతా గాయమైతే వర్తించే గ్యారంటీ. ఆట బాగాలేదని తీసేస్తే వర్తించదు. ఏటా ఏప్రిల్ 1 దాకా జట్టులో ఉంచుకుంటేనే ఆ ఏటి జీతం ఖాయమవుతుంది. ప్రతి మ్యాచ్‌కు ఆడే జాబితాలో పేరుంటేనే లక్షా 25 వేల డాలర్లు వస్తాయి. ఏటా 20 లక్షలు తగ్గే మెలిక ఒకటుంది, జట్టునో తన ఆటనో ఫలానా మెట్టు ఎక్కిస్తే తప్ప ఆ కోత ఆగదు. 2017 మార్చిలో ఆ ఒప్పందం నుంచి ఆయనే బయటికొచ్చాడు. రాకపోతే జట్టే తీసేసేది. అప్పటికి ఆయన అందుకున్నది 4 కోట్లకు కొంచెం తక్కువ. 12 కోట్ల 60 లక్షల్లో మూడో వంతు కూడా కాలేదు.

ఈ ఒప్పందాల్లో మన రైతుకు వెంటనే అర్థమయ్యేది ఒకటుంది. సంతకం బోనసు. అది అచ్చంగా మన బయానా. పొలం బేరానికైనా, జీతగాణ్ణి ఉగాది నుంచి ఉగాదికి కుదుర్చుకోవడానికైనా మన పెద్దలు ముందు బయానా ఇచ్చి మాట కలుపుకునేవారు. చేతిలో పడ్డ బయానాను మళ్లీ అడగడం కష్టం. అమెరికా ఆటగాడు కూడా అందుకే, జీతం అంకె కొంత తగ్గినా సరే, బయానా పెంచమని పట్టుబడతాడు. ఎన్ఎఫ్ఎల్‌లో వేసవి శిబిరానికి ఒక్కో జట్టుకు 90 మంది వస్తారు. ఆగస్టు చివరికి 53 మంది మిగులుతారు. 32 జట్లను లెక్కేసుకుంటే దాదాపు పన్నెండు వందల మంది కొన్ని రోజుల్లోనే ఇంటిదారి పడతారు. కొందరిని సాధన జట్టులోకి మళ్లీ పిలుస్తారు, నిజమే. మిగిలినవాళ్ల దగ్గర ఉండేది బయానా, లేదంటే ఏమీ ఉండదు. సగటున ఒక ఆటగాడు ఆ లీగులో ఉండేది మూడేళ్ల పైచిలుకని వాళ్ల సంఘమే చెబుతుంది. మోకాలు పోతే, భుజం పోతే పోయేది ఆటగాడిదే కదా. ఆ దెబ్బ ఎన్నడు తగులుతుందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు, మా పిల్లవాడి కాగితంలోలాగా దెబ్బ తగిలితే జీతం ఆగిపోవాలని రాసుకోవడం నా మనసుకు ఎన్నటికీ న్యాయంగా తోచదు.

యజమానుల మాటా వినాలి. 2018లో కర్క్ కజిన్స్‌కు మిన్నెసోటా జట్టు మూడేళ్లకు 8 కోట్ల 40 లక్షల డాలర్లు ఇచ్చింది, మొత్తం గ్యారంటీ. ఆ ఆటలో అదొక పెద్ద మలుపు. 2022లో క్లీవ్‌లాండ్ జట్టు డెషాన్ వాట్సన్‌కు ఐదేళ్లకు 23 కోట్ల డాలర్లు పూర్తి గ్యారంటీగా రాసిచ్చింది. ఆయన మొదటి ఏడాది 11 మ్యాచ్‌ల నిషేధం అనుభవించాడు. తర్వాత గాయాల పాలయ్యాడు. జట్టు మాత్రం డబ్బు కడుతూనే ఉంది. ఇచ్చినవాడూ మునిగిపోవచ్చని యజమానులు దాన్నే చూపిస్తారు. వాళ్ల బాధ నిజమే. కానీ ముప్పును ఎవరో ఒకరు మోయాల్సినప్పుడు, ఇరవై రెండేళ్ల కుర్రవాడి మోకాలు మోయాలా, వేల కోట్ల ఆస్తి ఉన్న యజమాని మోయాలా అన్నదే నా ప్రశ్న.

ఆ లీగులో ఒక పాత నిబంధన ఉంది. రాబోయే ఏళ్లకు గ్యారంటీ ఇచ్చిన సొమ్ములో ఎక్కువ భాగాన్ని యజమాని ముందే తీసి వేరే ఖాతాలో జమ చేయాలి. ఒకప్పుడు కొందరు యజమానుల దగ్గర జీతాలకు డబ్బు ఉంటుందో ఉండదో అనే భయంతో పెట్టుకున్నదది. ఇప్పుడు పూర్తి గ్యారంటీ ఇవ్వకపోవడానికి యజమానులు దాన్నే సాకుగా చెబుతారని ఆటగాళ్లు అంటారు. కానీ ఆ నిబంధన గురించి చదివినప్పుడు నాకు హైదరాబాద్ గుర్తుకొచ్చింది. మన దగ్గర అలాంటిది ఒకటుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. అప్పట్లో గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియమే దాని ఇల్లు. మొదటి ఏడు ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్టడుగున నిలిచింది. తర్వాత మనోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు, కుర్రవాళ్లను నమ్మాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. కేరళ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా వలలో పడింది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపేశాడు. ఆ రాత్రి నేను మా ఇంట్లో ఒక్కణ్ణే కూర్చొని చూస్తూ, కట్టిమణి మూడోది ఆపగానే లేచి నిలబడిపోయాను. తెలుగు గడ్డ మీది క్లబ్బు దేశానికి చాంపియన్ అయింది! ఆ సీజన్లో నైజీరియా ఆటగాడు ఓగ్బెచే 18 గోల్స్ కొట్టి బంగారు బూటు గెలుచుకున్నాడు. మరుసటి ఏడు లీగులో రెండో స్థానం.

ఆ తర్వాత ఏడాదే ఇల్లు కూలింది. జీతాలు పడలేదు. బకాయిల ఫిర్యాదుల మీద ఫిఫా ఆ క్లబ్బు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధించింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే ఒప్పందాలు తెంచుకొని వెళ్లిపోయారు. పేరున్న భారత ఆటగాళ్లూ వెళ్లారు. మిగిలిన కుర్రవాళ్లతో, తంగ్‌బోయ్ సింగ్టో అనే భారత కోచ్ ఆ సీజన్ను ఈడ్చుకొచ్చాడు. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు. జీతం లేకపోయినా ప్రతి వారం బూట్లు కట్టుకొని మైదానంలోకి దిగిన ఆ పిల్లలను చూస్తే నాకు గర్వంగానూ ఉండేది, కడుపులో తిప్పినట్టూ ఉండేది. 2024 సెప్టెంబరులో క్లబ్బు జిందాల్ వాళ్ల చేతికి మారింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఫిఫా నియమాల కింద మన ఫుట్‌బాల్ ఒప్పందం ఎన్ఎఫ్ఎల్ ఒప్పందం కన్నా గట్టిది. సరైన కారణం లేకుండా మధ్యలో తీసేయకూడదు, తీసేస్తే పరిహారం ఇవ్వాలి. ఆట తగ్గిందన్నది సరైన కారణం కాదు. మా పిల్లవాడి పదకొండో పేజీలో రాసింది దీనికి ఎదురుగానే. రెండు నెలల జీతం ఆగితే, పదిహేను రోజుల గడువిచ్చి ఆటగాడే తప్పుకోవచ్చు, పరిహారమూ అడగవచ్చు. 2018 నుంచి ఇది రాతపూర్వకంగా ఉంది. కాగితం మీద చూస్తే రాసిందంతా గ్యారంటీయే. కానీ గ్యారంటీ ఇచ్చినవాడి పెట్టె ఖాళీ అయినప్పుడు ఆ రాత ఏ రోజు డబ్బుగా మారుతుంది? విదేశీ ఆటగాడైతే ఫిఫా తలుపు తట్టగలడు. మన పిల్లవాడికీ మన క్లబ్బుకూ మధ్య తగాదా అయితే ఢిల్లీలో మన దేశపు ఫుట్‌బాల్ సంఘం ఏఐఎఫ్ఎఫ్ కమిటీ ముందుకు పోవాలి. తండా పిల్లవాడు ఢిల్లీ దాకా పోయి ఎన్నాళ్లు తిరగగలడు? 2025 ఆగస్టులో లీగ్ జరుగుతుందో లేదో తేలని రోజుల్లో, బెంగళూరు ఎఫ్‌సీ లాంటి పేరున్న క్లబ్బే ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిరవధికంగా ఆపుతున్నామని ప్రకటించింది.

అందుకే నాకు మన పాత హైదరాబాద్ ఫుట్‌బాల్ మీద ఇంత మమకారం. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును నడిపాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఆటగాళ్లకు లక్షల ఒప్పందాలు లేవు. పోలీసు ఉద్యోగం ఉండేది. నెల జీతం, యూనిఫాం, తర్వాత పింఛను. చిన్న మొత్తమే, కానీ ఒకటో తారీఖు వచ్చిందంటే పడేది. మోకాలు పోయినా పొయ్యి ఆరిపోయేది కాదు.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. రహీం సాబ్ రోజూ సైకిల్ కిరాయికి డబ్బిస్తే తప్ప సాధనకు పోలేని పేదరికం ఆయనది. ఆ సంగతి ఆయనే చెప్పుకునేవాడు. ఆ కిరాయి మీద మొదలైన కుర్రవాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులో నిలిచాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1963లో రైల్వే జట్టుకు వెళ్లాడు. అదే ఏడు ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను ఆపేసింది. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఏ లావు అంకె ఒప్పందమైనా ఆనాటితో ముగిసిపోయేది. ఆ తర్వాత ఆరు పదుల ఏళ్లు బతికి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

మళ్లీ మా పిల్లవాడి దగ్గరికి వస్తాను. ఆ రాత్రి భోజనం అయ్యాక ముగ్గురం కూర్చొని క్లబ్బుకు జవాబు రాశాం. పద్దెనిమిది లక్షలు మాకొద్దు, బోనసులు తగ్గించుకోండి, మూడో ఏడు తీసేయండి. మొదటి ఏడు జీతం మాత్రం ఏ షరతూ లేకుండా ఇవ్వండి, చేరినప్పటి సొమ్ము రెట్టింపు చేయండి, ఆటలో గాయమైతే జీతమూ వైద్యమూ మీవే అని రాయండి అని అడిగాం. పిల్లవాడు మొదట ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "సార్, దోస్తులకు పద్దెనిమిది లచ్చలని చెప్పిన" అన్నాడు. వాడి భుజం మీద చెయ్యేసి, "బిడ్డా, ఆ అంకెను తిని బతకలేవు కదా" అన్నాను.

పది రోజులకు క్లబ్బు నుంచి కొత్త కాగితం వచ్చింది. రెండో ఏడు ఖాయం చేయలేమన్నారు. మేం అడిగినవి ఒప్పుకున్నారు. బోనసులు లక్షా 20 వేలకు దిగాయి. పై అంకె పద్దెనిమిది లక్షల నుంచి తొమ్మిది లక్షలకు పడిపోయింది. కింది అంకె 55 వేల నుంచి 3 లక్షల 60 వేలకు పెరిగింది. తండ్రి ఈసారి నన్నేమీ అడగలేదు. నేరుగా పదకొండో పేజీ తెరిచి, వేలు పెట్టి కొడుకుతో చదివించుకొని, తర్వాతే సంతకం పెట్టించాడు.

పిల్లవాడు ఇప్పుడు అక్కడే ఆడుతున్నాడు. ఐదో తారీఖున జీతం పడాలి. పడ్డ రోజు తండ్రి నాకు ఫోన్ చేసి చెబుతాడు. ఆ ఒప్పందం నకలును ఆయన మిర్చి తక్‌పట్టీలు దాచుకునే ప్లాస్టిక్ కవర్లోనే పెట్టుకున్నాడు. దాని వెనక పెన్సిలుతో తారీఖులు రాస్తాడు. ఐదు, ఐదు, ఆరు, ఐదు. మొన్నటి నెల పదకొండో తారీఖు దాటాక పడిందట. అదీ రాసి పెట్టుకున్నాడు.